స్థానిక సంస్థల పన్నులపై వ్యాపార సంస్థల వ్యాజ్యాలు

గ్రామ పంచాయతీలు, పురపాలక సంఘాలు, నగరపాలక సంస్థలు తమ పరిధిలోని దుకాణాలు, కర్మాగారాలు, గిడ్డంగులు, హోటళ్ళు, సినిమా హాళ్ళు మొదలైన వాటిపై విధించే పన్నులను, రుసుములను ఆయా యాజమాన్యాలు న్యాయస్థానాలలో సవాలు చేయడం భారతదేశంలో చాలా కాలంగా ఉన్నది. వీటిలో కొన్ని వ్యాజ్యాలు సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనాల వరకు వెళ్ళి, స్థానిక సంస్థల ఆర్థిక అధికారానికి హద్దులు నిర్ణయించాయి. ఆంధ్ర ప్రదేశ్ నుండి వెళ్ళిన కేసులకు ఇందులో ముఖ్యమైన స్థానం ఉన్నది. ముఖ్యంగా హైదరాబాదు సమీపంలోని కుత్బుల్లాపూర్ గ్రామ పంచాయతీకి, హిందుస్థాన్ మెషిన్ టూల్స్ కర్మాగారానికి మధ్య నడిచి 1975లో ముగిసిన వివాదం ఇప్పటికీ ప్రస్తావనకు వస్తూ ఉంటుంది.

ఈ వ్యాసం ప్రధానంగా ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలకు సంబంధించిన కేసులను వివరిస్తుంది. ఇతర రాష్ట్రాల కేసులు అవసరమైనంత మేరకే చేర్చబడినవి.

సబ్బవరం, విశాఖ పరిసరాలు

సబ్బవరం అనకాపల్లి జిల్లాకు చెందిన మండల కేంద్రము. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. పెందుర్తి నుండి అనకాపల్లి వెళ్ళే దారిలో ఉన్న ఈ ఊరి మీదుగానే అనకాపల్లి - ఆనందపురం ఆరు వరుసల జాతీయ రహదారి కూడా వెళుతుంది. 2008లో చట్టం ద్వారా ఏర్పడిన న్యాయ విశ్వవిద్యాలయం (నేటి దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం) ప్రాంగణం సబ్బవరంలోనే ఉన్నది. దానికి న్యాయప్రస్థ అని పేరు. పన్నుల న్యాయశాస్త్రం చదువుకునే విద్యార్థికి ఇంతకంటే అనువైన చోటు దొరకడం కష్టం. ఎందుకంటే, కొద్ది కిలోమీటర్ల పరిధిలోనే గ్రామ పంచాయతీలు, మహా విశాఖ నగరపాలక సంస్థ, కేంద్ర ప్రభుత్వ రంగ కర్మాగారాలు, ఓడరేవు, పారిశ్రామిక వాడలు అన్నీ కనిపిస్తాయి. పరవాడలో ఎన్‌.టి.పి.సి. వారి సింహాద్రి విద్యుత్ కేంద్రం, గాజువాక వైపు విశాఖ ఉక్కు కర్మాగారం, నగరంలో హిందుస్థాన్ పెట్రోలియం చమురు శుద్ధి కర్మాగారం ఉన్నాయి.

ఊరి ప్రక్కన కర్మాగారం వస్తే లారీలు పంచాయతీ రోడ్డు మీద తిరుగుతాయి. నీరు, మురుగు, చెత్త, వీధి దీపాల భారం పెరుగుతుంది. ఆ ఖర్చుకు పంచాయతీ అడగగల సొమ్ము ఎంత, ఏ పేరుతో అడగవచ్చు, కర్మాగారం కాదనగలదా అన్నవి ఈ వ్యాజ్యాలలో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు. ఇంకొక వైపు, పంచాయతీ పరిధిలో ఉన్న ఒక చిన్న దుకాణం లేదా రైస్ మిల్లు రాత్రికి రాత్రి నగరపాలక సంస్థ పరిధిలోకి పోతే పన్ను లెక్క మొత్తం మారిపోతుంది. 2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పరచినప్పుడు, 2013లో అనకాపల్లి, భీమునిపట్నం పురపాలక సంఘాలను విలీనం చేసినప్పుడు ఇటువంటి మార్పు చాలా చోట్ల జరిగినది.

రాజ్యాంగానికి పూర్వం

ఉత్తరాంధ్ర అంతా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో 1884 నాటి, ఆ తరువాత 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం, స్థానిక బోర్డుల చట్టం అమలులో ఉండేవి. ఇంటి పన్ను, వృత్తి పన్ను, బండ్ల పన్ను, సుంకాలు ఈ చట్టాల క్రింద వసూలయ్యేవి.

ఆ రోజులలో స్థానిక పన్నుపై తెలుగువారు చేసిన అతి పెద్ద పోరాటం కోర్టులో జరుగలేదు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘం చేసినప్పుడు పన్నుల భారం సుమారు నాలుగు వేల రూపాయల నుండి నలభై వేలకు పెరిగిందని చెబుతారు. నేత పనివారు, చిన్న వర్తకులు అధికంగా గల ఆ ఊరి ప్రజలు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో పన్ను నిరాకరించి, ఊరినే వదలి, పురపాలక సంఘం హద్దుకు అవతల రామనగర్ పేరుతో గుడిసెలు వేసుకొని నెలల తరబడి నివసించారు. న్యాయశాస్త్ర దృష్టితో చూస్తే ఇందులో ఒక ఆసక్తికరమైన విషయం ఉన్నది. పన్ను వేసే అధికారం భూభాగానికి కట్టుబడి ఉంటుంది. హద్దు దాటితే అధికారం పోతుంది. చీరాల వారు న్యాయవాది అవసరం లేకుండానే ఆ సూత్రాన్ని వాడుకున్నారు.

అధికారానికి మూలం

రాజ్యాంగం 265వ అధికరణం ప్రకారం చట్టపు అధికారం లేకుండా ఏ పన్నునూ విధించరాదు, వసూలు చేయరాదు. స్థానిక సంస్థలకు పన్ను వేసే అధికారం స్వతహాగా లేదు. 1992లో ఆమోదం పొంది 1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణల తరువాత కూడా ఈ స్థితి మారలేదు. పంచాయతీలకు 243హెచ్ అధికరణం క్రింద, పురపాలక సంస్థలకు 243ఎక్స్ అధికరణం క్రింద రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా అధికారం ఇవ్వవచ్చు అని మాత్రమే ఉన్నది. కనుక ప్రతి వ్యాజ్యంలోనూ రెండు మెట్లు ఉంటాయి. రాష్ట్రానికి ఆ పన్ను వేసే అధికారం ఏడవ షెడ్యూలు రాష్ట్ర జాబితాలో ఉన్నదా అన్నది మొదటిది. ఉంటే, దానిని స్థానిక సంస్థకు చట్టం సరిగా అప్పగించిందా అన్నది రెండవది.

రాష్ట్ర జాబితాలో ఈ విషయానికి ముఖ్యమైనవి భూములు, భవనాలపై పన్నులు (49వ అంశం), ఖనిజ హక్కులపై పన్నులు (50వ అంశం), వృత్తులు, వ్యాపారాలు, ఉద్యోగాలపై పన్నులు (60వ అంశం), రుసుములు (66వ అంశం). స్థానిక ప్రాంతంలోకి సరుకు ప్రవేశంపై పన్ను (52వ అంశం), ప్రకటనల పన్ను (55వ అంశం) 2016 నాటి 101వ సవరణతో తొలగించబడినవి.

1994 నాటి ఆంధ్ర ప్రదేశ్ పంచాయతీ రాజ్ చట్టం 60వ సెక్షను గ్రామ పంచాయతీ పన్నులకు ఆధారము. ఇంటి పన్నుతో పాటు గ్రామంలో తూకం, కొలత లేదా లెక్క చొప్పున అమ్మే సరుకుపై వేసే పన్ను కూడా ఇందులో ఉన్నది. దీనికి జనవ్యవహారంలో ఉన్న కొలగారం, కాటారుసుము అనే పేర్లనే చట్టం కూడా వాడింది. శాసనసభ ఆంగ్లంలో చేసిన చట్టంలో తెలుగు పల్లె మాటలు ఈ విధంగా నిలిచిపోవడం విశేషమే.

వృత్తి పన్ను, దాని పరిమితి

వ్యాపారిపై వేసే పన్నులలో రాజ్యాంగమే స్వయంగా రూపాయలలో పరిమితి విధించినది వృత్తి పన్ను ఒక్కటే. 1935 భారత ప్రభుత్వ చట్టంలో తరువాత చేర్చిన 142ఎ సెక్షను దీనిని సంవత్సరానికి రూ. 50కి పరిమితం చేసింది. రాజ్యాంగం 276వ అధికరణం రూ. 250గా నిర్ణయించగా, 1988 నాటి 60వ సవరణ రూ. 2,500కు పెంచింది. అప్పటి నుండి రూపాయి విలువ ఎంత పడిపోయినా ఈ అంకె మారలేదు.

ఈ పరిమితికి పదును పెట్టిన కేసు విదర్భలోని ధామన్‌గావ్ పురపాలక సంఘానిది. ప్రత్తి గింజ తీసి, బేళ్ళు కట్టే వ్యాపారంపై అక్కడి పురపాలక సంఘం బేళ్ళ లెక్కన పన్ను వేసింది. మొత్తం కలిపితే సంవత్సరానికి రూ. 250 దాటిపోయింది. 1965లో భారత్ కళా భండార్ కేసులో సుప్రీం కోర్టు మెజారిటీ తీర్పు, పరిమితికి మించి వసూలు చేసినది రాజ్యాంగ విరుద్ధమని, ఆ అధిక మొత్తాన్ని తిరిగి ఇమ్మని సివిల్ కోర్టులో దావా వేయవచ్చునని తేల్చింది. పన్నుపై దావాలు చెల్లవని పురపాలక చట్టంలో ఉన్న నిషేధం రాజ్యాంగానికి విరుద్ధంగా వసూలు చేసిన సొమ్మును కాపాడలేదని దీని సారాంశము.

ఆంధ్ర ప్రదేశ్‌లో 1987లో వృత్తులు, వ్యాపారాలు, ఉద్యోగాలపై పన్ను చట్టం చేయబడినది. ఆ తరువాత ఈ పన్నును రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ వసూలు చేస్తున్నది. కనుక పంచాయతీ లేదా మునిసిపాలిటీ పేరుతో వృత్తి పన్ను నోటీసు వస్తే ఏ చట్టం క్రింద వచ్చినదో చూడడం మొదటి పని.

కుత్బుల్లాపూర్ పంచాయతీ, హెచ్‌.ఎం.టి. కేసు

1964 నాటి ఆంధ్ర ప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టం అమలులో ఉన్నప్పుడు, హైదరాబాదు శివారులోని కుత్బుల్లాపూర్ గ్రామ పరిధిలో హిందుస్థాన్ మెషిన్ టూల్స్ కర్మాగారం ఉండేది. (ఆ గ్రామం తరువాత పురపాలక సంఘమై, 2007లో మహా హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసింది.) గ్రామ పంచాయతీ ఈ సంస్థను రెండు మొత్తాలు కట్టమని అడిగింది. ఒకటి కర్మాగార భవనాలపై ఇంటి పన్ను. రెండవది ఆ భవనాల నిర్మాణానికి అనుమతి రుసుము. సంస్థ హైకోర్టుకు వెళ్ళింది.

చట్టంలో ఇల్లు అనే మాటకు ఇచ్చిన నిర్వచనంపై మొదటి వివాదం నడిచినది. మనుషులు వాడుకొనుటకు తగినదై, ప్రజల దారి నుండి ప్రత్యేకమైన ప్రధాన ద్వారం గల భవనమే ఇల్లు అని నిర్వచనం చెప్పింది. ప్రహరీ గోడ లోపల ఎన్నో షెడ్లు, భవనాలు గల కర్మాగారంలో ఒక్కొక్క భవనానికి ప్రజల దారి నుండి వేరే ద్వారం ఎక్కడ ఉంటుంది? హైకోర్టు సంస్థ పక్షాన తీర్పు చెప్పింది. కొన్ని మాటల వలన రాష్ట్రంలోని పంచాయతీలన్నింటికీ తమ పరిధిలోని పెద్ద కర్మాగారాల ఇంటి పన్ను పోయే పరిస్థితి వచ్చినది.

ప్రభుత్వం సుప్రీం కోర్టుకు అప్పీలు చేసింది. అప్పీలు విచారణలో ఉండగానే శాసనసభ 1974లో చట్టాన్ని సవరించి, ఆ ద్వారం షరతును తీసివేసి, సవరణ వెనుకటి కాలానికి కూడా వర్తిస్తుందని ప్రకటించింది. సంస్థ దీనిని కోర్టు తీర్పును శాసనసభ రద్దు చేయడంగా వర్ణించింది. 1975లో సుప్రీం కోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. తీర్పు తప్పని చట్టం ద్వారా ప్రకటించే అధికారం శాసనసభకు లేదు. కాని తీర్పుకు ఆధారమైన చట్టపు లోపాన్ని వెనుకటి తేదీ నుండి సరిదిద్దవచ్చును. ఆధారం మారిన తరువాత పాత తీర్పు దానంతట అదే నిలువదు. ఈ సూత్రాన్ని 1969లో భరూచ్ పురపాలక సంఘానికి, పృథ్వీ కాటన్ మిల్స్‌కు మధ్య జరిగిన కేసులో కోర్టు అప్పటికే చెప్పి ఉన్నది. ఆ విధంగా ఇంటి పన్ను నిలిచింది.

అనుమతి రుసుము విషయంలో మాత్రం పంచాయతీ ఓడిపోయింది. రుసుము అన్నప్పుడు దానికి బదులుగా సేవ ఉండవలెను. కర్మాగారానికి పంచాయతీ చేసిన సేవ ఏదీ రుజువు కాలేదు. పన్నుగా అడిగినది చెల్లింది, రుసుముగా అడిగినది చెల్లలేదు. ఒకే గ్రామం, ఒకే కర్మాగారం, ఒకే తీర్పు. పన్నుకు, రుసుముకు గల తేడాను వివరించుటకు దీనికంటే సులభమైన ఉదాహరణ కనబడదు.

ఈ తీర్పులో వ్యాపారులకు ఒక చేదు నిజం ఉన్నది. సాంకేతిక లోపం ఆధారంగా పన్ను కేసు గెలిచినవారు, శాసనసభ ఆ లోపాన్ని వెనుకటి తేదీతో సవరిస్తే గెలుపును పోగొట్టుకోవచ్చును. శాసనసభకు ఆ విషయంపై అధికారమే లేదని నిరూపించినవారి గెలుపు మాత్రం ఆ విధంగా పోదు.

పన్నా, రుసుమా?

1954 నాటి శిరూరు మఠం కేసులో సుప్రీం కోర్టు పన్నుకు, రుసుముకు గల భేదాన్ని వివరించింది. పన్ను సాధారణ ఖర్చులకు ప్రజలందరి నుండి నిర్బంధంగా తీసుకునేది. రుసుము ఒక ప్రత్యేక సేవకు ప్రతిఫలము. చెప్పుటకు తేలికైన ఈ భేదం వ్యాపార లైసెన్సుల దగ్గరకు వచ్చేసరికి ఎంతో చిక్కుగా మారినది.

కలకత్తా నగరపాలక సంస్థ సినిమా హాళ్ళ లైసెన్సు రుసుమును ప్రదర్శనల లెక్కన పెంచడంతో లిబర్టీ సినిమా సంవత్సరానికి కట్టవలసినది రూ. 400 నుండి రూ. 6,000కు పెరిగింది. సేవ లేదు కనుక రుసుము చెల్లదని యాజమాన్యం వాదించింది. సుప్రీం కోర్టు మెజారిటీ తీర్పు ఇది పేరుకు రుసుము అయినా నిజానికి పన్ను అని, అందువలన సేవ చూపనక్కరలేదని, పన్నుగా చెల్లుతుందని చెప్పింది. అంటే, రుసుము కాదని నిరూపించినంత మాత్రాన వ్యాపారి గెలిచినట్లు కాదు. అది పన్నుగానైనా చెల్లుతుందా అన్న రెండవ ప్రశ్న కాచుకొని ఉంటుంది. కుత్బుల్లాపూర్‌లో ఆ రెండవ ప్రశ్న పంచాయతీకి సహాయపడలేదు. కలకత్తాలో నగరపాలక సంస్థకు సహాయపడింది.

ఆంధ్ర ప్రదేశ్ వ్యాపారులు తెచ్చిన రెండు కేసులు రుసుముల చట్టాన్ని మరింత మార్చాయి. మొదటిది 1983 నాటి శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసు. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం క్రింద మార్కెట్ కమిటీలు వసూలు చేసే రుసుమును నూరు రూపాయల సరుకుకు 50 పైసల నుండి ఒక రూపాయికి పెంచడాన్ని వ్యాపారులు సవాలు చేశారు. అంతకు ముందు పంజాబ్ నుండి వచ్చిన కేవల్ కృష్ణ పురి కేసులో, వసూలైన రుసుములో మూడింట రెండు వంతులో, నాలుగింట మూడు వంతులో చెల్లించినవారి సేవకే ఖర్చయినట్లు చూపాలని కోర్టు చెప్పి ఉన్నది. వ్యాపారులు దానిపై ఆధారపడ్డారు. శ్రీనివాస కేసులో కోర్టు రుసుముకు, సేవకు లెక్క పైసలతో సహా సరిపోనవసరం లేదని, స్థూలమైన సంబంధం చాలునని చెప్పి పెంపును సమర్థించింది. మార్కెట్ కమిటీ పూర్తి అర్థంలో స్థానిక ప్రభుత్వం కాదు. అయినా ఊరి వర్తకుని దృష్టిలో పంచాయతీ రశీదుకు, మార్కెట్ చెక్‌పోస్టు రశీదుకు పెద్ద తేడా లేదు.

రెండవది 1999లో తీర్పు వచ్చిన సికిందరాబాదు - హైదరాబాదు హోటల్ యజమానుల సంఘం కేసు. హైదరాబాదు నగరపాలక సంస్థ హోటళ్ళ లైసెన్సు రుసుమును పెంచినప్పుడు, పెంచిన సొమ్ముకు తగిన సేవలు చేయడం లేదని సంఘం వాదించింది. శుభ్రత, ప్రజారోగ్యం వంటి వాటి నియంత్రణకై వేసే లైసెన్సు రుసుముకు ప్రత్యేక సేవ చూపనవసరం లేదని, అయితే అది అతిగా ఉండరాదని సుప్రీం కోర్టు చెప్పి పెంపును నిలబెట్టింది. విశాఖ నగరపాలక సంస్థకు కూడా 1955 నాటి హైదరాబాదు చట్టమే (ఆంధ్ర ప్రదేశ్‌లో తరువాత పేరు మారినది) 1979 నుండి ఆధారం కనుక ఈ తీర్పు విశాఖ హోటళ్ళకు కూడా సూటిగా వర్తిస్తుంది.

తెలుగునాట సినిమా హాళ్ళ వారు వేసిన మరో పెద్ద కేసు 1993 నాటి వెంకటేశ్వర థియేటర్ కేసు. 1939 నాటి వినోదపు పన్ను చట్టాన్ని 1984లో సవరించి, అమ్మిన టికెట్ల లెక్క బదులు హాలు నిండితే వచ్చే మొత్తం ఆధారంగా, ఊరి స్థాయిని బట్టి పన్ను నిర్ణయించారు. హాలు ఖాళీగా ఉన్నా పన్ను తప్పలేదు. ఇది సమానత్వానికి విరుద్ధమన్న వాదనను కోర్టు తిరస్కరించింది. పన్నుల విషయంలో వర్గీకరణ చేసుకునే స్వేచ్ఛ శాసనసభకు ఎక్కువగా ఉంటుందన్నది ఇందులోని సూత్రము. 14వ అధికరణాన్ని మాత్రమే నమ్ముకొని స్థానిక పన్నుపై గెలవడం కష్టమని ఈ కేసు తెలుపుతుంది.

ప్రభుత్వ రంగ సంస్థలు

విశాఖ ప్రాంతంలో స్థానిక సంస్థలకు ఇది అన్నింటికంటే విలువైన ప్రశ్న. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తిపై రాష్ట్రం గాని, రాష్ట్రంలోని ఏ అధికార సంస్థ గాని పన్ను వేయరాదు. రైల్వే స్టేషను, తపాలా కార్యాలయము, నౌకాదళ స్థావరం ఈ కోవలోకి వస్తాయి. మరి కేంద్ర ప్రభుత్వం పెట్టుబడి పెట్టిన కంపెనీ మాటేమిటి?

కోర్బాలోని వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కేసులో (1981) సుప్రీం కోర్టు కంపెనీ వేరు, వాటాదారు వేరు అని చెప్పి ఆస్తి పన్నును సమర్థించింది. 1999లో హైదరాబాదుకు చెందిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఇ.సి.ఐ.ఎల్.) కేసులో ఇదే మాట మరింత స్పష్టంగా వచ్చినది. అక్కడ వివాదం రాష్ట్రం వేసే వ్యవసాయేతర భూముల పన్నుకు సంబంధించినదే గాని సూత్రం ఒకటే. వాటాలన్నీ ఒక్క ప్రభుత్వానివే అయినా కంపెనీ ఆస్తి ప్రభుత్వ ఆస్తి కాజాలదు. అదే సంవత్సరం విశాఖపట్నం పోర్టు ట్రస్టు వేసిన కేసులోనూ కోర్టు ఈ బాటలోనే నడిచింది. ట్రస్టు మండలికి చట్టం ద్వారా దఖలు పడిన ఆస్తి కేంద్రం ఆస్తి కాదన్నది దీని ఆధారము. విమానాశ్రయాల సంస్థ విషయంలో 1995 నాటి డమ్‌డమ్ పురపాలక సంఘం కేసు కూడా ఇటువంటిదే. 1982లో ఏర్పడిన రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ (విశాఖ ఉక్కు) కూడా కంపెనీయే కనుక 285వ అధికరణం రక్షణ దానికి వర్తించదు.

నిజమైన కేంద్ర ప్రభుత్వ ఆస్తుల విషయంలోనూ స్థానిక సంస్థలకు కొంత ఊరట లభించింది. 2009లో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో, పన్ను బదులుగా సేవా రుసుము ఇచ్చుటకు కేంద్రం అంగీకరించింది. వాడుకునే సేవలను బట్టి ఆస్తి పన్నులో 75, 50 లేదా 33 1/3 శాతం చెల్లించాలి.

ఏది భవనం?

49వ అంశంలోని భవనం అనే మాటను కోర్టులు క్రమంగా విశాలం చేస్తూ వచ్చాయి. బొంబాయి నగరపాలక సంస్థకు, ఇండియన్ ఆయిల్‌కు మధ్య నడిచిన కేసులో పెట్రోలు నిల్వ చేసే భారీ ట్యాంకులపై ఆస్తి పన్ను చెల్లుతుందని సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. చమురు ట్యాంకులు వరుసగా కనిపించే విశాఖ వంటి రేవు పట్టణానికి ఇది చిన్న విషయం కాదు. 2016 డిసెంబరులో అహమ్మదాబాదు నగరపాలక సంస్థ కేసులో మొబైల్ టవర్లు కూడా ఆ అంశం క్రింద భవనాలేనని కోర్టు నిర్ణయించి, గుజరాత్ హైకోర్టు తీర్పును త్రోసిపుచ్చింది. మనిషి నివసించే అవకాశం లేనిది భవనం ఎట్లా అవుతుందన్న కంపెనీల వాదన నిలువలేదు.

పారిశ్రామిక వాడలు

పన్ను చెల్లదని కర్మాగారం వాదించే కేసులు ఒక రకం. కర్మాగారాన్ని పంచాయతీ పరిధి నుండే తప్పిస్తే పంచాయతీ వేసే కేసు మరొక రకం. గుజరాత్‌లోని సైజ్ గ్రామ పంచాయతీ తన పరిధిలోని పారిశ్రామిక వాడను ప్రభుత్వం వేరు చేయడంతో పన్ను ఆదాయం పోయిందని సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1999లో కోర్టు పంచాయతీ వాదనను తిరస్కరించింది. పరిశ్రమే పౌర సేవలు అందించే చోట పారిశ్రామిక పట్టణంగా ప్రకటించుటకు 243క్యు అధికరణం వీలు కల్పిస్తుంది.

ఆంధ్ర ప్రదేశ్‌లో పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ (ఏ.పి.ఐ.ఐ.సి.) వాడలలో కొన్నింటిని పారిశ్రామిక ప్రాంత స్థానిక అధికార సంస్థలుగా నోటిఫై చేస్తారు. అక్కడ ఆస్తి పన్ను ఆ సంస్థ వసూలు చేసి, కొంత వాటా స్థానిక సంస్థకు చెల్లిస్తుంది. వాడ గేటు లోపలి రోడ్డు సంస్థది, గేటు బయటి రోడ్డు పంచాయతీది. లారీలు రెండింటి మీదా నడుస్తాయి. వాటా పంపకం సరిగా జరుగుతున్నదా అన్నది న్యాయస్థానం కంటే ఎక్కువగా మండల, జిల్లా సమావేశాలలో తేలే విషయం.

ఖనిజాలపై సెస్సు

మద్రాసు పంచాయతీల చట్టం (1958) 115వ సెక్షను భూమి శిస్తులో రూపాయికి 45 పైసల చొప్పున స్థానిక సెస్సు విధించింది. గనుల రాయల్టీని కూడా శిస్తుగా లెక్కించారు. ఇండియా సిమెంట్స్ కంపెనీ దీనిని సవాలు చేయగా 1989లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సెస్సును కొట్టివేస్తూ, రాయల్టీ ఒక పన్ను అని పేర్కొన్నది. 2004లో కేశోరాం కేసులో అయిదుగురు న్యాయమూర్తులు, పాత తీర్పులోని ఆ వాక్యంలో అచ్చు పొరపాటు జరిగిందని, రాయల్టీపై సెస్సు పన్ను అని చదువుకోవాలని అన్నారు. ఒక మాట జారిపోయిందా లేదా అన్న చర్చపై వేల కోట్ల రూపాయల భవిష్యత్తు ఇరవై ఏళ్ళు ఆధారపడింది.

చివరకు 2024 జూలై 25న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1 మెజారిటీతో రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కులపై, ఖనిజాలు గల భూములపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉన్నదని తేల్చింది. జస్టిస్ బి.వి. నాగరత్న విభేదించారు. ఆగస్టు 14 నాటి ఉత్తర్వు ప్రకారం 2005 ఏప్రిల్ 1కి ముందటి లావాదేవీలపై పన్ను అడగరాదు. తరువాతి కాలపు బకాయిలను 2026 ఏప్రిల్ 1 నుండి 12 సంవత్సరాల వాయిదాలలో వసూలు చేయాలి. రాతి క్వారీలు గల మండలాలలో సీనరేజి వాటా స్థానిక సంస్థలకు ముఖ్యమైన ఆదాయం కనుక ఈ తీర్పు ప్రభావం సిమెంటు కంపెనీలతో ఆగదు.

మూలధన విలువ వివాదం

ఆస్తి పన్నును అద్దె విలువపై లెక్కించాలా, ఆస్తి మార్కెట్ విలువపైనా అన్నది పాత తగాదా. 1963లో అహమ్మదాబాదు కేసులో ఖాళీ స్థలాల మూలధన విలువపై ఒక శాతం వేసిన పన్నును సుప్రీం కోర్టు కొట్టివేసింది. కారణం, అప్పటి చట్టంలోని మాటకు వార్షిక విలువపై పన్ను అనే అర్థం స్థిరపడి ఉండడమే. శాసనసభ స్పష్టంగా చెబితే మూలధన విలువ ఆధారంగానూ పన్ను వేయవచ్చునని బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లుల కేసులో 1969లో తేలింది. ఆంధ్ర ప్రదేశ్ 2020లో పురపాలక చట్టాలను సవరించి 2021 ఏప్రిల్ నుండి మూలధన విలువ పద్ధతికి మారినది. ఒక సంవత్సరంలో పెరుగుదల 15 శాతం మించకుండా పరిమితి పెట్టారు. పైకి తక్కువగా కనిపించే ఈ అంకె ఏటా కలుస్తూ పోతే అయిదేళ్ళలో పన్ను రెట్టింపు అవుతుంది. గ్రామ పంచాయతీ ఇంటి పన్నుకు ఈ పద్ధతి వేరు.

వస్తు సేవల పన్ను తరువాత

2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను అమలులోకి రావడంతో ప్రవేశ పన్నులు అంతరించాయి. 2016 నవంబరులో జిందాల్ స్టెయిన్‌లెస్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ప్రవేశ పన్నుపై దశాబ్దాల చర్చను ముగించిన ఎనిమిది నెలలకే ఆ పన్ను చరిత్రలో కలిసిపోయింది. వినోదపు పన్ను స్థానిక సంస్థలే స్వయంగా విధించి వసూలు చేసే మేరకు మాత్రం మిగిలినది. 55వ అంశం తొలగిన తరువాత బోర్డులపై వసూలు చేసే సొమ్ము పన్నా, లైసెన్సు రుసుమా, స్థలపు అద్దెనా అన్న ప్రశ్న కొత్తగా ముందుకు వచ్చినది. పాత శిరూరు మఠం తీర్పును మళ్ళీ తెరచి చదువవలసిన అవసరం ఈ విధంగా ఏర్పడినది.

వ్యాజ్యం నడిచే తీరు

పన్ను లెక్కలో తప్పు (కొలతలు, విలువ, భవనం వాడకం) ఉంటే ముందుగా స్థానిక సంస్థకు అభ్యంతరం, ఆపై చట్టం చూపిన అప్పీలు మార్గం. నగరపాలక చట్టం 282వ సెక్షను క్రింద అప్పీలు వినాలంటే అడిగిన పన్ను ముందుగా జమ చేయాలి. ఈ ఒక్క షరతు వలన చిన్న వ్యాపారులు ఎందరో అప్పీలు జోలికి పోరు.

పన్ను వేసే అధికారమే లేదని, చట్టమే చెల్లదని, నోటీసు ఇవ్వకుండా పన్ను వేశారని వాదించేవారు 226వ అధికరణం క్రింద నేరుగా హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఇటువంటి సందర్భాలలో వేరే మార్గం ఉన్నదన్న కారణం అడ్డు కాదని 1998 నాటి వర్ల్‌పూల్ కేసు చెబుతుంది. ఆంధ్ర ప్రదేశ్ హైకోర్టు 2019 జనవరి 1 నుండి అమరావతిలో పని చేస్తున్నది. సివిల్ కోర్టులో దావా ఎప్పుడు చెల్లుతుందో 1968 నాటి ధూలాభాయి కేసు వివరించింది.

గెలిచినవారందరికీ డబ్బు తిరిగి రాదు. 1996 డిసెంబరులో మఫత్‌లాల్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పన్ను భారాన్ని వినియోగదారుల నుండి వసూలు చేసుకున్న వ్యాపారికి వాపసు ఇవ్వనవసరం లేదన్నది. అది ఎక్సైజు సుంకపు కేసు. సరుకు ధరలో కలిపి వసూలు చేసే కాటారుసుము వంటి వాటికి ఈ సూత్రం సులభంగా వర్తిస్తుంది. భవనంపై వేసే ఇంటి పన్ను విషయంలో, భారం ఎవరిపై పడిందో తేల్చడం అంత సులభం కాదు. ఇండియా సిమెంట్స్ కేసులోనూ కోర్టు సెస్సును కొట్టివేసింది గాని అప్పటికే వసూలు చేసినది తిరిగి ఇమ్మని చెప్పలేదు. పంచాయతీ ఆ సొమ్మును రోడ్లకు, బడులకు ఎప్పుడో ఖర్చు పెట్టి ఉంటుంది కనుక అనేకసార్లు తీర్పు అమలు ఆ తేదీ నుండి ముందుకే ఉంటుంది. ఆలస్యం చేసినవారికి రిట్‌లో వాపసు దొరకడం మరింత కష్టం. 1964 నాటి భాయిలాల్ భాయి కేసు తరువాత, దావాకు గల మూడేళ్ళ గడువునే కోర్టులు సాధారణంగా ఇందుకు కొలతగా తీసుకుంటూ వస్తున్నాయి.